మారిషస్: డ్యూయెట్‌లో కనబడని దేశం

వెండితెర మీద డ్యూయెట్ మొదలవుతుంది. నీలం సిరా కలిపినట్టున్న సముద్రం, పంచదారలాంటి ఇసుక, నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్టు... పక్క సీట్లో పెద్దమనిషి "మారిషస్ అండీ!" అని మన చెవిలో ఊదుతాడు. నాలుగు నిమిషాల్లో పాటా అయిపోతుంది, దేశమూ అయిపోతుంది. విదేశీ నిర్మాతలు తమ గడ్డ మీద పెట్టిన ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే పథకాన్ని ఆ ప్రభుత్వం 2013లోనే పెట్టింది. కెమెరాలు అటు పరిగెత్తడానికి అదీ ఒక కారణం. అయితే కెమెరా పట్టుకోని మారిషస్ చాలా ఉంది. వెళ్ళాలనుకునే పాఠకుల కోసం ఆ సంగతులు నాలుగు చెబుతాను.

ముందు లెక్కలు. మడగాస్కర్‌కి తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న ఈ దేశం విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. పొద్దున్న కాఫీ తాగి కారెక్కితే ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకి వెళ్ళి, భోంచేసి, చీకటి పడేలోగా వెనక్కి వచ్చేయొచ్చు. ముంబాయి నుంచి నేరుగా విమానం ఉంది, ఆరేడు గంటల ప్రయాణం. మన టూరిస్టులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టిక్కెట్టు, బస చేసే చోటు వివరాలు మాత్రం చేతిలో ఉండాలి. దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోండి.

అక్కడి డబ్బు పేరు కూడా రూపాయే. పేరు చూసి పొంగిపోకండి, వాళ్ళ రూపాయి మన రూపాయి కంటే ఖరీదైనది! 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ అక్కడా మొదలైంది. అయినా బజారు ఖర్చులకి కాస్త చిల్లర జేబులో ఉంచుకోవడం మేలు.

ఎప్పుడు వెళ్ళాలి? అది భూమధ్యరేఖకి దిగువన ఉన్న దేశం కాబట్టి రుతువులు తిరగబడతాయి. మనం ఎండకి మాడిపోయే మే, జూన్‌లలో వాళ్ళకి చలికాలం. చలి అంటే వణికించే చలి కాదు, చల్లటి గాలి అంతే. జనవరి నుంచి మార్చి దాకా ఉక్క, వాన, తుపానుల భయం. మధ్యన ఎత్తు మీదున్న క్యూర్‌పీప్ పట్నంలో ఏ నెలలో అయినా గొడుగు అవసరమే.

ఇక చూడవలసినవి. షామరెల్‌లో ఏడు రంగుల మట్టి దిబ్బలున్నాయి. అగ్నిపర్వతపు రాయి చివికి అలా రంగులు విడిపోయింది. పాంపుల్‌మూస్ తోటలో పెద్ద పళ్ళేలంత ఆకులున్న కలువలు చూడండి. కొండల నడుమ గంగా తలావ్ అనే సరస్సు ఉంది, ఒడ్డున 108 అడుగుల శివుడు నిలబడి ఉంటాడు. శివరాత్రికి జనం కాలినడకన కావళ్ళెత్తుకుని రోజుల తరబడి నడిచి అక్కడికి చేరతారు. నైరుతి మూలన ల మోర్న్ కొండ ఉంది. బానిసలు యజమానుల నుంచి తప్పించుకుని దాక్కున్న కొండ అది. 1835లో బానిసత్వం రద్దయిన కబురు చెప్పడానికి సిపాయిలు పైకి వస్తే, పట్టుకోవడానికే వచ్చారనుకుని కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ కొండ కిందే ఇప్పుడు ఖరీదైన హోటళ్ళు!

తిండికి లోటు లేదు. వీధి బళ్ళ మీద 'ధోల్ పూరీ' అమ్ముతారు. పప్పు పొడి కూరిన మెత్తటి రొట్టెలో కూర, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. 'గాతో పిమాన్' అనే ఫ్రెంచి పేరు విని భయపడకండి, అది మన పప్పువడకి అక్కడి అన్నయ్య. కూరల బజార్లో 'పిపంగాయ్' అని ఒకావిడ పిలుస్తుంటే వెళ్ళి చూశాను. బీరకాయ!

సముద్రం గురించి ఒక హెచ్చరిక. దీవి చుట్టూ చాలామేరకు పగడపు దిబ్బలున్నాయి. అలలు బయటే విరిగిపోతాయి కాబట్టి ఒడ్డున నీళ్ళు చెరువులా ఉంటాయి. కానీ దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర ఆ దిబ్బ లేదు. అక్కడ అలల్ని చూడండి, దిగకండి. పగడం విరవకండి, ఏరుకుని పెట్టెలో వేసుకోకండి. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఆ దిబ్బకెక్కి, ఆగస్టులో వెయ్యి టన్నుల దాకా నూనె కక్కింది. అప్పుడు జనం చెరకు ఆకు గుడ్డల్లో కుక్కి, కుట్టి, ఆ నూనెకి అడ్డం వేశారు. వాళ్ళకి సముద్రమంటే సీనరీ కాదు, అన్నం.

ఆ చెరకు దగ్గరే అసలు కథ ఉంది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ఏలిన తర్వాత 1810లో ఇంగ్లీషువాళ్ళు ఈ దీవిని పట్టుకున్నారు. బానిసత్వం పోవడంతో చెరకు తోటలకి మనుషులు కావలసి వచ్చారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా దాదాపు నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి ఒప్పందం కూలీలుగా తీసుకెళ్ళారు. రాజధాని పోర్ట్ లూయిలో వాళ్ళు దిగి ఎక్కిన రాతి మెట్లు, ఆప్రవాసి ఘాట్, ఈనాటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఊరు దాటితే చెరకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. గుళ్ళూ కాదు, గోరీలూ కాదు. సాగు కోసం ఆ రాళ్ళని కూలీలు చేతుల్తో ఏరి పేర్చారు. కెమెరా వాటిని తప్పించుకుని పోతుంది.

ఆ కూలీల్లో మనవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి తీరాలవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజనం చేస్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు! 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ గడ్డ మీదే.

ఒక పల్లెలో రామమందిరానికి వెళ్ళాను. డెబ్బై ఏళ్ళు దాటిన ఒక మామ్మగారు నోటుపుస్తకం చూసి భజన పాడుతున్నారు. తొంగి చూస్తే అది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు. పాట అయ్యాక, "మామ్మగారూ, బాగున్నారా?" అన్నాను. నవ్వారు, జవాబు మాత్రం క్రియోల్‌లో వచ్చింది. పక్కనున్న మనవరాలు, బళ్ళో తెలుగు చదువుతోందట, ముందుకొచ్చి చేతులు జోడించి, "మీరు ఎచటి నుండి విచ్చేసితిరి?" అంది. "కాకినాడ నించొచ్చానమ్మా" అంటే బిక్కమొహం వేసింది. ఆ మాట ఆమె పుస్తకంలో లేదు. "కాకినాడ నుండి వచ్చినాను" అన్నాను, మొహం విప్పారింది. మామ్మగారికి కాకినాడ తెలియదు. "కోరంగి దగ్గర" అన్నాను. ఆవిడ చటుక్కున లేచి నిలబడి, "కోరంగీ?" అని నా చెయ్యి పట్టుకున్నారు. తమ జాతి పేరనుకున్న మాట, నిజంగా ఒక ఊరని ఆవిడకి ఆ పూటే తెలిసింది.

ఆ ఊరు ఎలా ఉంటుందని మనవరాలి చేత అడిగించారు. మడ అడవి, ఉప్పుగాలి, పడవలు... నాకు తెలిసింది చెప్పాను. ఒక్కొక్క మాటా ఆ అమ్మాయి క్రియోల్‌లోకి మార్చి చెబుతుంటే మామ్మగారు తల ఊపుతూ విన్నారు. "బయటివారితో తెలుగు మాటలాడుట నాకు ఇదియే మొదలు" అంది ఆ అమ్మాయి, వెళ్ళేటప్పుడు. పరీక్ష అయిపోతే ఆ భాషతో మాట్లాడ్డానికి ఆమెకి ఎవరున్నారు?

అందుకని ప్రయాణం కట్టే మన తెలుగువాళ్ళకి నాది ఒకటే మనవి. ఆరు రోజులు వెళితే అయిదు రోజులు సముద్రానికే ఇవ్వండి. స్నానాలు చేయండి, ఫోటోలు దిగండి, హీరోలా ఇసుకలో పరిగెత్తండి. ఆరో రోజు మాత్రం పల్లెలవైపు బస్సెక్కండి. సాయంత్రమైతే బస్సులు తగ్గిపోతాయి, పొద్దున్నే బయల్దేరండి. పెట్టెలో నాలుగు తెలుగు వారపత్రికలు వేసుకెళ్ళి, కనబడ్డ పిల్లలకి ఇవ్వండి. వాళ్ళతో తెలుగులో, నిదానంగా, పూర్తి మాటల్తో మాట్లాడండి.