నొప్పి నాది, నీరసం అక్కది

రిపోర్టులన్నీ నార్మల్ అంటే సంతోషించాలో ఏడవాలో తెలియని జబ్బులు రెండున్నాయి. ఒకటి ఫైబ్రోమయాల్జియా, రెండోది క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. ఈ రెండోదాన్ని డాక్టర్లు ఇప్పుడు ఎంఈ/సీఎఫ్‌ఎస్ అంటున్నారు. మొదటిది నాకుంది. రెండోది మా పెద్దమ్మ కూతురు, అక్కకి ఉంది. చుట్టాల లెక్కలో మాత్రం మా ఇద్దరిదీ ఒకటే రోగం... బద్ధకం!

పైకి చూస్తే నిజంగానే రెండూ ఒకేలా ఉంటాయి. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టే ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పాల్సిన పదం మర్చిపోతాం. రెండూ ఆడవాళ్లలోనే ఎక్కువ. ఏ ఒక్క రక్తపరీక్షా ‘ఇదిగో ఇదే’ అని తేల్చదు. రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం లాంటివి కావని చూసుకున్నాక, లక్షణాలను బట్టి డాక్టరే నిర్ధారించాలి. కొందరికైతే రెండూ కలిసే ఉంటాయి.

సమంత 2022లో తనకు మయోసైటిస్ ఉందని చెప్పాక ‘నీదీ అదేనా?’ అని చాలామంది అడిగారు. కాదు. అది కండరాల్లో వచ్చే వాపు. నా కండరాల్లో వాపు లేదు. నొప్పిని మోసుకెళ్లే వ్యవస్థే వాల్యూమ్ పెంచుకుని కూర్చుంది. మెడ, భుజాలు, నడుము, తొడలు... ఎవరైనా ప్రేమగా వీపు తట్టినా ప్రాణం పోయినంత పనవుతుంది. 1990 నాటి పద్ధతిలో ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసేవారు. కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010లో ఆ పద్ధతి మారింది. నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి అని అడుగుతారు. ఇదంతా 3 నెలలుగా ఉందా అన్నది చూస్తారు.

అక్క కథ వేరు. ఓ వైరల్ జ్వరం వచ్చి తగ్గింది, నీరసం మాత్రం తగ్గలేదు. ఒళ్లు నొప్పులు తనకీ ఉంటాయి. కానీ తన జబ్బుకి అసలు గుర్తు, చిన్న పని చేసినా తర్వాత కుప్పకూలిపోవడం. అదీ అప్పటికప్పుడు కాదు, చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఆదివారం ఫంక్షన్‌లో నవ్వుతూ ఫొటో దిగిన మనిషి మంగళవారం మంచం దిగలేదు. చూసినవాళ్లకి ఫొటోయే గుర్తుంటుంది. మంగళవారం ఎవరూ చూడరు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ కుప్పకూలడాన్నే తప్పనిసరి లక్షణంగా పెట్టింది. పనులు చేసుకునే శక్తి బాగా తగ్గి 6 నెలలు దాటాలని కూడా చెప్పింది.

పేరు ఏదైతే ఏంటి అనుకోవచ్చు. కానీ మా ఇద్దరికీ అందరూ ఇచ్చిన సలహా ఒకటే: ‘రోజూ వాకింగ్ చెయ్యి.’ నాకు అది పనిచేసింది. 5 నిమిషాలతో మొదలుపెట్టి, నెలల తరబడి మెల్లగా పెంచుకుంటూ అరగంటకి వచ్చాను. ఫైబ్రోమయాల్జియాకి యూరప్ నిపుణులు అన్నిటికంటే గట్టిగా సిఫారసు చేసింది కూడా వ్యాయామాన్నే. అదే సలహాతో అక్కని ఓ ఫిజియోథెరపిస్ట్ వారం వారం పెంచుకుంటూ నడిపించారు. మూడో వారానికి బాత్రూమ్ దాకా వెళ్లడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎంఈ/సీఎఫ్‌ఎస్ ఉన్నవాళ్లకి ఇలా లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం ఇవ్వొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో స్పష్టంగా చెప్పింది.

మందుల్లోనూ అంతే. ఫైబ్రోమయాల్జియాకి అమెరికాలో 2007లోనే తొలి మందుకు అనుమతి వచ్చింది. అక్క జబ్బుకంటూ అక్కడ అనుమతి పొందిన మందు లేదు. తనకున్న దారి, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడం. కూరగాయలు కూర్చునే తరుగుతుంది. స్నానం స్టూల్ మీద కూర్చుని చేస్తుంది. నాతో ఫోన్ మాట్లాడేటప్పుడు కూడా 10 నిమిషాలకి అలారం పెడుతుంది. అది మోగగానే ‘ఉంటానే’ అని పెట్టేస్తుంది. మొదట్లో చివుక్కుమనేది. ఇప్పుడు ఆ అలారం నాకు మందు సీసాలా కనిపిస్తుంది.

మీ ఇంట్లోనో, హాస్టల్ రూమ్‌లోనో ఇలాంటి మనిషి ఉంటే ముందు ఓ రెండు వారాలు రాయమనండి: ఏ రోజు ఏం పని చేశారు, మర్నాడూ ఆ మర్నాడూ ఎలా ఉన్నారు, నొప్పి ఎక్కడ, నిద్ర ఎంత. ఆ కాగితం డాక్టర్ ముందు పెడితే సగం మాటలు అదే చెబుతుంది. ‘కాస్త లేచి తిరుగు, అదే పోతుంది’ అనే సలహా మాత్రం అప్పటిదాకా ఆపండి. ఒకరిని నడిపించిన మాటే ఇంకొకరిని మంచాన పడేస్తుంది.