విశాఖతీరమున సీ హారియర్

గడచిన శీతకాలమున మేము విశాఖపట్టణములోని మా అక్కగారి యింటికి పోయి పది దినము లుంటిమి. ఆ యూరికి పోయినవారు సింహాచలమును, కైలాసగిరిని, సముద్రతీరమును చూడక మరలి రారు. మేమును అట్లే చూచితిమి. కాని సముద్రతీరమునకు మాత్రము రెండవమారుకూడ పోవలసి వచ్చినది. అందులకు కారణ మొక విమానము.

రామకృష్ణ బీచిలో ఇసుకపై నిలిపిన కురుసుర జలాంతర్గామిని మన సోదరీమణులలో పెక్కురు చూచియే యుందురు. అది 2001లో నౌకాదళపు కొలువు చాలించి, మరుసటి యేట ప్రదర్శనశాల యైనది. రోడ్డున కావలి ప్రక్క టి.యు.-142 అను పెద్ద గస్తీ విమానము 2017 నుండి యున్నది. సాయంకాలము లచటి జనమును చూచిన తిరునాళ్ళు జ్ఞప్తికి వచ్చును. ఈ రెండింటికి తోడుగా రాజీవ్ స్మృతి భవనమునకు జేరిన సీ హారియర్ విమానము చాల చిన్నది. పొడవు పదునాలుగున్నర మీటర్లు. రెక్కల వెడల్పు ఎనిమిది మీటర్లైనను లేదు. మొదటిమారు చూచినపుడు “ఇంతేనా” యనుకొని వచ్చివేసితిమి.

మా అక్కగారి కుమార్తెకు పదునైదేండ్లు. నౌకాదళమున చేరి యుద్ధవిమానము నడపెదనని ఆ పిల్ల యేడాదిగా పట్టుపట్టి కూర్చున్నది. తల్లికి బొత్తిగా ఇష్టము లేదు. ఇంట మాట పెరిగి, తీర్పు మా పెద్దమ్మగారిపై బడినది. “చూడకుండా నేనేం చెప్పనే? ఆ వస్తువేదో నాకు చూపించండి” అని యామె కఱ్ఱ చేతబట్టుకొని బయలుదేరినది. వెంట మేమును, పిల్లయు. అక్కగారు రాలేదు.

విమానము ప్రక్కను నిలిచి పిల్ల చెప్పసాగినది. ఇరువైపుల రెండేసి చొప్పున నాలుగు లోహపు మూతులు కలవు. లోపల పెగాసస్ అను ఒక్కటే ఇంజను. అది ముందునుండి గాలిని పీల్చి యీ మూతులగుండా వెడలగ్రక్కును. మూతులు వెనుకకు తిరిగియున్నపుడు విమానము ముందునకు పోవును. వానిని నేలవైపు త్రిప్పినచో ఉన్నచోటనే గాలిలో నిలుచును. ఇతర యుద్ధవిమానములలో పెక్కు నౌకపైనుండి లేచుటకు వానిని ఒడిసెలరాయివలె విసరు యంత్రము కావలయును. దిగునపుడు తోకకొక్కెమును పట్టియాపు త్రాళ్ళు కావలయును. దీనికి రెండును అక్కఱలేదు. అందువలన చిన్న నౌకయైనను చాలును. ఆంగ్లేయు లీ జాతి విమానమును త్రాళ్ళతో కట్టి తొలిసారి నేలనుండి లేపినది 1960లో. నౌకలకై మార్చిన సీ హారియర్ 1978లో ఎగిరినది.

“ఆంజనేయుడు కూడా అంత సేపు ఒక్కచోట ఆగలేదు” అని పెద్దమ్మగారు నవ్వినది.

1982లో ఫాక్లండ్ దీవులకై అర్జెంటీనాతో జరిగిన యుద్ధమున ఆంగ్లేయుల సీ హారియర్లు శత్రువిమానములను ఇరువదింటిని కూల్చినవట. గాలిలో జరిగిన పోరాటమున తమలో నొక్కటియు కూలలేదు. ఆ యిరువదింటి యందును తల్లులు కన్నబిడ్డలే కూర్చుండిరి గనుక మే మీ లెక్కను పొగడ్తగా చెప్పుట లేదు. అయితే ఆ యుద్ధకాలమునందే సీ హారియర్లు ఆరు నష్టమైనవి. అందు రెండు మాత్రమే నేలనుండి పేల్చిన దెబ్బకు పడినవి. తక్కిన నాలుగు ప్రమాదములలో పోయినవి. పెద్దమ్మగారు వెంటనే పట్టుకొన్నది ఈ మాటనే.

“శత్రువు కంటె ఇదే ఎక్కువమందిని తీసుకుపోయిందన్నమాట. ఎందుకు?”

పిల్ల కొంచెము తడబడినను దాచలేదు. విమానము వేగముగా పోవునపుడు రెక్కలు బరువు మోయును. గాలిలో నిలిచినపుడు రెక్కలకు పని లేదు. బరువంతయు ఆ యొక్క ఇంజనుపైననే. దాని యెత్తుబలము సుమారు 9,700 కిలోలు. ఆయుధములతో, ఇంధనముతో నిండిన విమానమో, 11,000 కిలోలు దాటును. కావున నిండుబరువుతో తిన్నగా పైకి లేవనే లేదు. అందుకే నౌక ముందుభాగమును జారుడుబల్లను తలక్రిందు చేసినట్లు ఏటవాలుగా పైకి కట్టిరి. కొంతదూరము పరుగెత్తి, ఆ వాలుపైనుండి గాలిలోనికి దుముకును. మరలి వచ్చునపుడు ఇంధనము ఖర్చయి తేలికపడియుండును గనుక నిట్టనిలువున దిగును. దిగునపుడు ఇంజను మితిమీరి కాగకుండ లోపల నీరు చల్లుదురు. ఆ నీరు సుమారు ఒకటిన్నర నిమిషమునకు మాత్రమే సరిపోవును. అంతలో దిగవలయును.

పైగా గాలి వేడెక్కినకొలది ఇంజను బలము తగ్గును. చలిసముద్రములపై సులువైన పని మనవంటి ఉష్ణదేశపు సముద్రములపై కష్టమగును. వాడని ఆయుధములను తిరిగి మోసికొని వచ్చుటయే ఒక్కొక్కతరి భారమగును. నిలిచియున్న విమానము ప్రక్కకు ఒరగకుండ ముక్కునుండి, తోకనుండి, రెక్కల కొనలనుండి చిన్నచిన్న గాలిపోటులు వదలుచు చోదకుడే సర్దుకొనుచుండవలెను. ఇన్ని చేసినను దీని వేగము ధ్వనివేగమునకు లోబడినదే.

“నిండు బిందె నెత్తిన పెట్టుకొని నడిచేయొచ్చు. నడివీధిలో కదలకుండా నిలబడమంటేనే మెడ వణుకుతుంది” అని పెద్దమ్మగారనెను. ఆమె మెరకవీధినుండి చెరువునీరు మోసిన మనిషి. మే మిన్ని సంగతులు విన్నను, ఆ మాటతోగాని మాకు విషయము బోధపడలేదు.

మన నౌకాదళము 1983 డిసెంబరులో తొలి సీ హారియర్లను గోవాకు తెచ్చి, ఆ నెలలోనే విక్రాంత్ నౌకపై దింపినది. ఫాక్లండ్ యుద్ధమున ఆంగ్లేయుల ముఖ్యనౌకయైన హెర్మీస్‌ను మనవారు కొని, 1987లో విరాట్ అను పేర కొలువున చేర్చుకొనిరి. మొత్తము కొన్న విమానములు ముప్పదివరకు. అందు సగమునకు పైగా ప్రమాదములలో పోయినవి, చోదకులును పోయిరి. మిగిలినవానికి తరువాతి కాలమున కొత్త రాడార్లను, క్షిపణులను అమర్చి కంటిచూపు పెంచిరి గాని ఇంజను మాత్రము పాతదే. 2016 మే నెలలో గోవాలో వానికి వీడ్కోలు జరిగినది.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో విశాఖ యెదుట జరిగిన నౌకాసమీక్షకు విరాట్ వచ్చియుండెను. దానిని ఈ తీరముననే నిలిపి ప్రదర్శనశాల చేయవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తలపెట్టినది; నెరవేరలేదు. 2017 మార్చిలో అది కొలువు చాలించినది. 2020లో గుజరాతులోని అలంగ్ తీరమునకు ఈడ్చుకొనిపోయి ముక్కలు చేసిరి. తాను దిగిన నౌక ఇనుపతుక్కై పోగా ఈ విమానము సముద్రమునకు కూతవేటు దూరమున నేలపై నిలిచియున్నది. ఇది తెలిసినపిదప మాకు దానిని చిన్నదనబుద్ధి పుట్టలేదు.

పెద్దమ్మగారు చోదకుని పీఠమువైపు చాలసేపు చూచినది.

“గాలిలో నిలిచుండగా ఇంజను ఆగితే లోపలి పిల్లాడేం చేస్తాడు?”

“కుర్చీతో సహా పైకి ఎగిరిపోతాడు, అమ్మమ్మా. కింద మీట లాగితే చాలు. పారాషూటు విచ్చుకుంటుంది.”

“లాగాలని తెలుసుకోడానికి ఎంత వ్యవధి?”

పిల్ల విమానము చక్రములవైపు చూచుచు, “ఒకటి రెండు క్షణాలు” అన్నది. దాచవచ్చును, దాచలేదు. మాకు గర్వమే కలిగినది గాని పైకి చెప్పలేదు.

ఆ పిల్ల మనస్సులో నున్నది ఆస్థా పూనియా. 2025 జూలై 3న ఈ విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరముననే ఆమెకు చోదకుల బంగారు రెక్కల గుర్తు లభించినది. నౌకాదళపు యుద్ధవిమాన శాఖకు ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. పిల్ల ఆమె బొమ్మను పత్రికనుండి కత్తిరించి బల్లపై అంటించుకొన్నది. తల్లి దానిని తీసివేయను లేదు, దానిని గూర్చి మాటాడను లేదు.

బయటికి వచ్చి రోడ్డు దాటి, కాల్చిన మొక్కజొన్నపొత్తులు కొని, ఇసుకలో కూర్చుంటిమి. పెద్దమ్మగారికి పండ్లు లేవు. గింజలు వలిచి మా చేతిలో పోయుచుండెను.

“దీని చోటికి వచ్చినదేదో అన్నావు, దాని కెన్ని ఇంజన్లు?”

“మిగ్-29కె. రెండు, అమ్మమ్మా. కాని అది గాలిలో ఆగలేదు. తాడు పట్టుకోవాలి.”

“ఆగకపోతే పోనీ. రెండున్నాయి కదా.” మరికొన్ని గింజలు వలిచినది. “పన్నెండో తరగతి కానీ. లెక్కల్లో ఎన్నొస్తాయో చూసి మీ అమ్మతో నేను మాట్లాడతాను. క్షణాల సంగతి మాత్రం దానితో నువ్వే చెప్పాలి. నేను చెప్పను.”

ఇంటికి పోవు త్రోవలో పిల్ల ఒక్కమాటయు ఆడలేదు. గుమ్మములో అక్కగారు ఎదురుచూచుచుండెను.