పక్షికాలి కడియము

పంట యింటికి వచ్చిన దినములలో చింతలపూడిలోని మా యింట వరికంకులను కుచ్చుగా నల్లి చూరునకు వ్రేలాడగట్టుదుము. పిచ్చుకలు వచ్చి గింజల నొలుచుకొని తినును. నిన్నటి పిచ్చుకయే నేడును వచ్చినదాయని పిల్లలడుగుదురు. రూపము చూచి చెప్పుట యెవరితరము?

ఇట్టి సందియమును దీర్చుటకే 1899లో డెన్మార్కున మోర్టెన్సెన్ అను నుపాధ్యాయుడు, గోరువంకను బోలిన పక్షుల కాళ్లకు సంఖ్యలు చెక్కిన అల్యూమినియపు కడియములు తొడిగెను. మన దేశమున బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు 1927లో నీ పని నారంభించిరి. సన్నని వలలో చిక్కిన పక్షిని నొవ్వనీయక పట్టి, తూచి, రెక్క కొలిచి, కడియము తొడిగి, సంఖ్యను వ్రాసికొని విడిచిపెట్టుదురు. అది మరల దొరికిన నాడు ఎంతకాలము బ్రదికెనో, ఎంతదూర మెగిరెనో తెలియును.

ఇది నేర్పరులు అనుమతి పొంది చేయవలసిన పని. మనము చేయదగినది వేఱొకటి కలదు. మాకు దిగువనున్న కొల్లేటికి శీతకాలమున హిమాలయముల కావలనుండి బాతులు వచ్చును. ఆ సరస్సు 1999లో వన్యప్రాణి సంరక్షణస్థలముగా ప్రకటింపబడినది. గట్టుపై చచ్చిన పక్షి కాలికి కడియ మగపడినచో, సోదరీమణులారా, దానిని బిడ్డల కాటవస్తువుగా నీయకుడు. సంఖ్యను, తేదిని, స్థలమును ఆ సొసైటీకి వ్రాసిపంపుడు. పక్షి బ్రదికియున్నచో కడియమును తీయక, సంఖ్య చూచికొని విడువుడు. ఏ చెరువు చెడిన నే పక్షికి దిగుచోటు కఱవగునో యిట్టి యుత్తరములవలననే చాలవఱకు తెలిసినది.