అడిస్ అబాబా నుంచి వాల్తేరుకు

ఇథియోపియాకు సముద్రం లేదు. 1993లో ఎరిత్రియా వేరే దేశమయ్యాక ఎర్రసముద్రం ఒడ్డంతా అటు పోయింది. అందుకే ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చే ఇథియోపియా విద్యార్థుల్లో చాలామంది సముద్రాన్ని దగ్గరగా చూసేది విశాఖలోనే. చూడటానికి బాగానే ఉంటుంది కానీ దాని పక్కన కాపురం ఉండటమే కష్టం. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉన్న నగరం, ఏడాదంతా చల్లగా ఉంటుంది. అక్కడి గాలికి అలవాటుపడ్డ మనిషికి మే నెల వాల్తేరు ఉక్కపోతలో స్నానం చేసినా చేయనట్టే ఉంటుంది.

అయితే ఉక్కకు ఒళ్లు అలవాటుపడుతుంది. పెదవాల్తేరులో, మద్దిలపాలెంలో వాళ్ల పొరుగున ఉంటూ నేను గమనించింది వేరు. వాళ్లను ఎక్కువ బాధపెట్టేది మన ఎండా కాదు, మన కారమూ కాదు. మనం పలకరించకపోవడం.

వాళ్ల దేశంలో పలకరింపు ఒక్క మాటతో తేలదు. ఎలా ఉన్నావు, ఇంట్లో అందరూ క్షేమమా, పిల్లలెలా ఉన్నారు, పని ఎలా ఉందని ఒకటి తర్వాత ఒకటి అడుగుతారు. చేయి కలిపి, భుజానికి భుజం తాకిస్తారు. అదంతా అయ్యాకే అసలు పని మాట. మనకూ ఇంచుమించు ఇదే మర్యాద ఉంది కదా! ఎదురుపడ్డవాళ్లను భోజనమైందా అని అడగనిదే మనకు తోచదు. కానీ ఆ అడగడం మనవాళ్లకే. లిఫ్టులో రోజూ కనిపించే ఆఫ్రికా మనిషి దగ్గరికొచ్చేసరికి మన నోరు పెగలదు. చూస్తాం, చూసి ఊరుకుంటాం.

వీళ్లలో చాలామంది కుర్రాళ్లు కూడా కారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతూ, సెలవు పెట్టి పీహెచ్‌డీ చేయడానికి వచ్చినవాళ్లు. భార్యాబిడ్డలు అక్కడే ఉంటారు. రెండు దేశాల గడియారాలకు రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పదయ్యేటప్పటికి అక్కడ ఏడున్నర, పిల్లలు ఇంకా మేలుకునే ఉంటారు. వాళ్ల సొంత లెక్కలో అది ఒకటిన్నర, ఎందుకంటే అక్కడ గంటలను పొద్దు పొడిచినప్పటి నుంచి, మళ్లీ పొద్దు గూకినప్పటి నుంచి లెక్కపెడతారు. ఘడియలూ జాములూ ఎరిగిన మన తాతలు ఉంటే ఈ లెక్కను ఇట్టే పట్టుకునేవారు.

ఇలాంటి దగ్గరితనాలు తవ్వినకొద్దీ దొరుకుతాయి. అమ్హారిక్ లిపిలో ఒక్కో హల్లుకు అచ్చును బట్టి ఏడు రూపాలుంటాయి, మన గుణింతంలాగే. ఇక పేర్ల సంగతి. వాళ్లకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, దాని పక్కన తండ్రి పేరు, అవసరమైతే తాత పేరు. మన దరఖాస్తులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకూడదు కనుక అక్కడ తండ్రి పేరు రాస్తారు. ఇక హాజరు పట్టీలో ఎప్పుడో ఒకరోజు తండ్రి పేరే పిలుస్తారు. ఇంటిపేరుతో పిలిపించుకుని అమెరికా క్లాసుల్లో తికమకపడ్డ తెలుగు పిల్లలకు ఈ కష్టం చెప్పకుండానే తెలుస్తుంది.

తిండి దగ్గరా అంతే. టెఫ్ అనే సన్న గింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పోసే ఇంజెరా వాళ్ల రోజువారీ తిండి. దానిలోకి ఎర్రటి మిరప మసాలాతో వండిన కూర. కనుక మన గోంగూర పులుపుకూ, ఆవకాయ కారానికీ జడిసే నాలుక కాదు అది. ఆర్థడాక్స్ క్రైస్తవులైనవాళ్లకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. వారాలు, ఏకాదశులు పాటించే ఇళ్లున్న ఊళ్లో ఇది చెబితే అర్థంకాని విషయం కాదు. అసలు చిక్కు మరోచోట ఉంది. అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు, ఆప్యాయంగా ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెడతారు. ఇక్కడ హాస్టల్ మెస్‌లో ఎవరి కంచం వాళ్లది. ఒక్కరే కూర్చుని తినడం వాళ్లకు పెద్ద దిగులు.

దిగులును దాటి గాయమయ్యేవీ ఉన్నాయి. బీచ్‌లో అడగకుండా ఫొటోలు తీసేవాళ్లున్నారు. వినపడేలా రంగు గురించి మాట్లాడేవాళ్లున్నారు. ఇంట్లో బిడ్డ పుడితే ముందు రంగు అడిగే అలవాటు మనకున్నంత కాలం ఈ జబ్బు వీధిలో మాత్రం ఎలా తగ్గుతుంది? ఫోనులో ఖాళీగా ఉందన్న పోర్షను మనిషిని చూడగానే నిండిపోతుంది. విదేశీయులకు అద్దెకిస్తే పోలీసుల గొడవని కొందరి భయం. నిజానికి ఇంటాయన చేయాల్సింది ఇరవై నాలుగు గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం నింపడం. అది గొడవ కాదు, కాసేపటి పని.

ఒక సంగతి మనం మరవకూడదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో భారతీయ ఉపాధ్యాయులు ఇథియోపియా బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత అక్కడ విశ్వవిద్యాలయాలు పెరిగినప్పుడు మన తెలుగు లెక్చరర్లూ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. గురువులుగా వాళ్లకు అక్కడ ఇళ్లు దొరికాయి, గౌరవం దొరికింది. ఆ గురువుల దేశమని నమ్మే ఎంతోమంది ఇక్కడికి చదువుకు వస్తున్నారు.

కాబట్టి మీ వీధిలో అలాంటివాళ్లుంటే ముందు పేరు అడగండి, రెండోసారి దాన్ని తప్పు లేకుండా పలకండి. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగండి. పండగ పూట భోజనానికి పిలిచి పక్కన కూర్చోండి. గది ఖాళీగా ఉంటే ఇవ్వండి. వీళ్లలో చాలామంది పట్టా పుచ్చుకుని మళ్లీ తమ క్లాసుకే వెళ్తారు. భారతదేశం ఎలా ఉంటుందని అక్కడి పిల్లలు అడుగుతారు. అప్పుడు వాళ్లు చెప్పేది మన తాజ్‌మహల్ గురించి కాదు, మన వీధి గురించి.