మాట కలిపిన మనిషి

ఆర్థడాక్స్ అన్న మాటకు మన వాడుకలో ఛాందసం అనే అర్థం స్థిరపడిపోయింది. మడి, ఆచారం, పట్టింపు: ఇవే ముందు స్ఫురిస్తాయి. క్రైస్తవంలో మాత్రం అది ప్రాచీనమైన సంఘాల పేరు. సరియైన విశ్వాసమనీ, సరియైన స్తుతి అనీ ఆ గ్రీకు పదానికి రెండు విధాలా అర్థం చెబుతారు. ఆ పేరుగల సంఘంలో పుట్టి, పట్టింపులను దాటి మాట కలపడానికే ఆయుష్షులో పెద్దభాగం వెచ్చించిన ఒక మలయాళీ గురువు గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆయన పాల్ వర్గీస్. 1922లో కొచ్చిన్ సంస్థానంలోని తృప్పూణితురలో జన్మించారు. యౌవనంలో పత్రికలకు రాశారు, తంతి తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. 1947లో బడిపంతులుగా ఇతియోపియా వెళ్ళారు. అక్కడి అంహారిక్ భాష పట్టుబడింది. 1950లో అమెరికా చేరి గోషెన్ కళాశాలలోనూ, ప్రిన్స్‌టన్‌లోనూ చదివారు. తిరిగి ఇతియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తికి సలహాదారుగా ఉన్నారు. 1961లో గురువయ్యారు. 1962 నుండి 1967 వరకు జెనీవాలో ప్రపంచ చర్చిల మండలిలో ఉన్నత పదవి నిర్వహించి, ఆపైన కొట్టాయం సెమినరీకి ప్రిన్సిపాలుగా వచ్చారు. 1975లో పౌలోస్ మార్ గ్రెగోరియోస్ అనే పేరుతో ఢిల్లీ మెట్రోపాలిటన్ అయ్యారు.

పదవుల పట్టిక ఇంతటితో చాలు. నన్ను ఆకట్టుకున్నది 1964లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో జరిగిన ఒక చిన్న సమావేశం. గ్రీకు వేదాంతి నికోస్ నిస్సియోటిస్‌తో కలిసి దాని వెనుక నిలిచిన వారు ఈ వర్గీసే.

దాని విలువ తెలియాలంటే 451వ సంవత్సరానికి వెళ్ళాలి. ఆ ఏడు కల్సెదోను పట్టణంలో సభ తీరి, క్రీస్తు దైవ మానవ స్వభావాలు రెంటిలోనూ ఒక్కడేనని నిర్ణయించారు. ఈజిప్టు, సిరియా ప్రాంతాలలో అనేకులు దీన్ని అంగీకరించలేదు. దైవత్వమూ మానవత్వమూ కలిసి ఒకే స్వభావమనాలని వారి పట్టు. ఇతియోపియా, ఆర్మేనియా సంఘాలు కూడా ఈ పక్షానే నిలిచాయి. కేరళలోని మలంకర సంఘం తరువాతి కాలంలో వీరితో చేరింది. ఒకరినొకరు వేదబాహ్యులని తిట్టుకుంటూ దాదాపు 1500 ఏళ్ళు గడిపారు.

ఆర్హుస్‌లో ఇరుపక్షాల పండితులూ కూర్చుని పాత గ్రంథాలు విప్పారు. వర్గీస్‌తోపాటు అదే మలంకర సంఘానికి చెందిన వి.సి. శామ్యూల్ కూడా అక్కడున్నారు. అంతియొకయ సెవేరుసు బోధపై ఆయన యేల్‌లో పరిశోధించి వచ్చిన వారు. స్వభావమనే పదాన్ని ఒక పక్షం ఒక అర్థంలో, రెండో పక్షం మరో అర్థంలో వాడుతూ వచ్చాయనీ, విశ్వాసం మాత్రం ఒకటేననీ వారు తేల్చారు. మన ఆచార్యులు ఒకే ఉపనిషద్వాక్యానికి మూడు అర్థాలు చెప్పారు. ఇక్కడ రెండు వాక్యాలకు అర్థం ఒకటే!

ఇది చదివినప్పుడు మా ఇల్లే గుర్తుకొచ్చింది. మా తాతగారికీ, ఆయన అన్నగారికీ పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చింది. ఆ పొలం అమ్ముడై నలభయ్యేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ గట్టూ లేదు, పైరూ లేదు. అయినా నేటికీ ఆ ఇంటి శుభలేఖ ఈ ఇంటికి రాదు. తగవుకు కారణం పోయినా తగవు పోదు. దానికి దాని బతుకు ఉంటుంది. ఆర్హుస్ తరువాత బ్రిస్టల్‌లో, జెనీవాలో, ఆడిస్ అబాబాలో మళ్ళీ కూర్చున్నారు. 1985 తరువాత అధికారికంగానూ చర్చలు సాగాయి. అయినా ఆ రెండు కుటుంబాలూ ఒకే బలిపీఠం వద్ద సంపూర్ణంగా కలవలేదు.

ఐక్యత అన్న ఆశ మన నేలకు కొత్తది కాదు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు దానికోసమే పాటుపడి 1945లో కన్నుమూశారు; దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947లో. అది కొన్ని సంఘాలు ఒక్క సంఘంగా కలిసిన దారి. వర్గీస్ తొక్కినది వేరు దారి. ఎవరి ప్రార్థన, ఎవరి సంప్రదాయం వారికుండగానే, అవతలివాడు చెబుతున్నది నా మాటేనేమో అని చెవి పెట్టి వినడం. కలిసిపోవడం కంటె ఇది తేలికేమీ కాదు. ముందు తన మాట తనకు బాగా తెలిసి ఉండాలి. నీస్సా గ్రెగొరీని ఆయన అంత శ్రద్ధగా చదివి ‘కాస్మిక్ మ్యాన్’ రాసింది అందుకేననిపిస్తుంది.

విధి వైచిత్రి ఏమంటే, ఆయన సొంత మలంకర సంఘమే రెండుగా చీలి న్యాయస్థానాల మెట్లెక్కింది. 1958లో రాజీ కుదిరింది. 1970లలో మళ్ళీ చీలింది. 1995లో, 2017లో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి. ఆ తరువాత కూడా కొన్ని చర్చిల గుమ్మాల ముందు పోలీసులు నిలబడవలసి వచ్చింది. ఇక్కడ తేడా స్వభావాల సిద్ధాంతంలో లేదు. ఉభయులూ ఒకే సురియానీ ఆరాధన చేసేవారే. పేచీ అధికారం గురించి, ఆస్తి గురించి. పదాల తగవును పండితులు విప్పగలరు. తాళంచెవుల తగవును విప్పే నిఘంటువు ఎక్కడిది?

ఇది చూసి ఆయన శ్రమ వృథా అనడానికి నాకు మనసొప్పదు. 1964కు ముందు ఆ రెండు కుటుంబాలూ ‘మీ విశ్వాసం తప్పు’ అని ధీమాగా అనగలిగేవి. ఇప్పుడలా అనాలంటే ఆర్హుస్ కాగితాన్ని దాటి రావాలి. 1996 నవంబరు 24న ఆయన కన్నుమూశారు. కొట్టాయంలో, తాను పాఠాలు చెప్పిన సెమినరీ ఆవరణలోనే విశ్రమించారు. సాకు ఒకటి తీసివేసి వెళ్ళారు; కలవడం, కలవకపోవడం మిగిలినవారి ఇష్టం.