భీమిలి దాకా నడిచాం.. మధ్యలో గొడవపడ్డాం!

ఇంజినీరింగ్ అయిపోయి ఆరేళ్లయినా మా నలుగురి వాట్సాప్ గ్రూపు పేరు ఇంకా 'బ్యాక్‌లాగ్స్' అనే ఉంది. ముగ్గురం హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకుంటున్నాం. నాలుగోవాడు విశాఖలోనే ఉండిపోయాడు. వాళ్లది వేటకెళ్లే కుటుంబం, అందుకే కాలేజీ రోజుల నుంచీ వాణ్ని కెప్టెన్ అంటాం. రుషికొండ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి నడవాలన్న ప్లాన్ మూడేళ్లు పెండింగ్ టికెట్‌లా పడుండి, మొన్న ఫిబ్రవరిలో క్లోజ్ అయింది. సుమారు 15 కిలోమీటర్లు. ట్రెడ్‌మిల్ మీద రోజూ పరిగెడుతున్నాం, ఇదెంత అనుకున్నా. ఇసుకలో నడక వేరే సబ్జెక్టని మొదటి గంటలోనే తెలిసొచ్చింది.

చీకటితోనే బయల్దేరాం. టైమ్ పెట్టింది కెప్టెనే. 'మంగమారిపేట రాయి చూడాలంటే ఆటుకి చేరాల్రా. పోటొచ్చాక ఎల్తే నీళ్లే చూడాలి' అన్నాడు. తొట్లకొండ కింద ఉంటుందది. అలలు కొట్టీ కొట్టీ తొలిచేసిన రాతి తోరణం. రీల్స్‌లో చూసి చాలా పెద్దదనుకున్నా, ఎదురుగా చూస్తే అంత లేదు. కానీ నన్ను కట్టిపడేసింది తోరణం కాదు, దాని చుట్టూ రాళ్ల గుంటల్లో నిలిచిపోయిన నీళ్లు. ఒక్కో గుంటా ఒక్కో చిన్న అక్వేరియం. శంఖాన్ని ఇల్లు చేసుకుని మోసుకుపోతున్న హెర్మిట్ పీత, రాయి రంగులో కలిసిపోయిన బుల్లి చేపలు, పువ్వులా విచ్చుకున్న సీ అనిమోన్. అది మొక్క కాదు, జంతువు. వేలు పెట్టబోతే కెప్టెన్ నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. నాచు మీద జారి మా వాడొకడు మోకాలు గీరుకున్నాడు. రాళ్లకి అతుక్కున్న బార్నకిల్స్ బ్లేడుల్లా ఉంటాయి, చెప్పులేసుకుని వెళ్లకండి.

అక్కణ్నుంచి కొంచెం ముందుకెళ్లాక ఇసుకలో ఇంకో రాయి కనిపించింది. దగ్గరికెళ్తే రాయి కాదు. చచ్చిపోయిన ఆలివ్ రిడ్లీ తాబేలు. డిప్ప రెండడుగులుంటుంది. ముందు రెక్కకి ఆకుపచ్చ వల ముక్క చుట్టుకుని ఉంది. ఇది వాటికి గుడ్లు పెట్టే సీజన్. ఒక్కో గూట్లో దాదాపు వంద గుడ్లు పెడతాయి. ఇసుక ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టే పిల్లలు ఆడవో మగవో తేలుతుంది. ఇవన్నీ ముందురోజు రాత్రే చదివి ఉన్నాను. చదివినవాడికి ఆవేశం ఎక్కువ కదా! ఫొటో తీసి, 'జాలర్ల స్వార్థానికి బలి' అని టైప్ చేసి, పోస్ట్ చేసేముందు పైకే చదివాను.

కెప్టెన్ ఆగిపోయాడు. 'జాలర్లంటే ఎవుడ్రా? మా నాన్నా?'

అలా కాదురా అన్నాను. 'మరెలాగ?' అన్నాడు. 'మరబోట్లోళ్లు ట్రాల్ వల గంటల తరబడి ఈడుస్తారు. తాబేలు గాలి పీల్చుకోడానికి పైకి రావాలి కదా. వల్లో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోద్ది. మాది చిన్న ఫైబర్ పడవ.' నేను తగ్గలేదు. షెడ్యూల్ 1, 1972 చట్టం, తాబేళ్లు బయటికెళ్లడానికి వలలో బిగించే టెడ్ పరికరం, అన్నీ వల్లించాను. 'దాన్లోంచి తాబేలుతోపాటు చేపా పోద్దంటారు. డీజిల్ అప్పు ఎవుడు కడతాడు?' అన్నాడు. ఇందాక మరబోట్లని తిట్టినవాడే ఇప్పుడు వాళ్ల తరఫున మాట్లాడుతున్నాడు! అదే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

'మా నాన్న వల్లో తాబేలు పడితే వల కోసి వదిలేస్తాడు. మళ్లీ అల్లుకోడానికి రెండ్రోజులు వేట పోద్ది. ఆ ఫొటో ఎవుడూ తియ్యడు' అని ముందుకెళ్లిపోయాడు.

టైప్ చేసింది చెరిపేశాను. ఫొటో ఉంచుకున్నాను. మిగతా ఇద్దరూ జోకులేశారు గానీ పేలలేదు.

ఎర్రమట్టి దిబ్బలు వచ్చేదాకా ఎవరి నడక వాళ్లదే. సినిమా పాటల్లో చూసి చూసి ఇదేదో సెట్ అనుకుంటాం కానీ, వేల ఏళ్ల కిందట గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక ఇది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రగా మారింది. వానలు కోసిన లోయల్లో దిగితే రోడ్డు చప్పుడు వినపడదు. అక్కడ నీళ్ల సీసా కెప్టెనే నాకందించాడు. సారీ నేనే చెప్పాను. 'నడు, ఎండెక్కిపోతంది' అన్నాడంతే.

ఆ తర్వాత నేవీ స్థలం ఉంది కాబట్టి రోడ్డెక్కాం. భీమిలి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గోస్తని సముద్రంలో కలిసేచోట కాళ్లు కడుక్కుని, చేపల పులుసుతో భోంచేసి 900కె బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న కెప్టెన్ 'ఆ ఫొటో ఓసారి చూపించు' అన్నాడు. వల ముక్క దగ్గర జూమ్ చేసి, కన్ను ఎంతుందో లెక్కపెడుతున్నట్టు చాలాసేపు చూశాడు.

'మాది కాదు' అన్నాడు ఫోన్ తిరిగిస్తూ. బస్సు ఇంకో రెండు స్టాపులు దాటాక, 'అనుకుంటా' అన్నాడు.