రెండు ‘సబ్ర్’ల మధ్య

మా మద్రసాకు సాయంత్రం వేళ ఖుర్ఆన్ పఠనం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలలో ఒకడు కబడ్డీ ఆటగాడు. వయస్సు పదిహేడేళ్ళు. గన్నవరం చుట్టుపక్కల ఊళ్ళలో సంక్రాంతి పోటీలు జరిగితే తన జట్టు తరఫున కూతకు వెళ్ళేది అతడే. ఆ అబ్బాయి నమాజులో సజ్దా నుండి లేచేటప్పుడు చేతులతో నేలను ఊతగా పట్టుకోవడం, ఖఅదాలో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం మేము గమనించాము. పిలిచి మందలించాము. “మైదానంలో లేడిలా ఎగురుతావు, అల్లాహ్ సన్నిధిలో వంగడానికి బద్ధకమా?” అన్నాము. అతడు తల వంచుకున్నాడే గాని జవాబు చెప్పలేదు. మరోసారి గజ్జల్లో నొప్పిగా ఉందని నసిగినప్పుడు, “సబ్ర్ చెయ్యి నాయనా, అదే తగ్గుతుంది” అని పంపివేశాము.

ఆ రెండు మాటలకూ నేడు సిగ్గుపడుతున్నాము.

కొన్ని నెలల తరువాత అతని తండ్రి మా వద్దకు వచ్చాడు. హెర్నియా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారట, డబ్బు సర్దుబాటు కావాలట. అప్పటికి నొప్పి మొదలై ఎనిమిది నెలలు. గజ్జలు అన్న మాట తల్లి ముందు పలకలేక అబ్బాయి చాలాకాలం దాచుకున్నాడు. తెలిశాక ఇంట్లోవారు ‘బిళ్ళ కట్టి ఉంటుంది’ అని కాపడం పెట్టారు. ఆ తరువాత నొప్పి సూదులు వేయించారు. సూది వేసిన నాలుగు రోజులు ఆడేవాడు, ఐదవ రోజు కుంటేవాడు. కోతకు ముందు మరొకరి అభిప్రాయం తీసుకుందామని మేమే తోడు వెళ్ళి, విజయవాడలో ఒక ఎముకల వైద్యునికి చూపించాము.

ఆయన పాత కాగితాలు పక్కన పెట్టి అబ్బాయిని బల్లపై పడుకోబెట్టారు. మోకాళ్ళ మధ్య తన పిడికిలి ఉంచి గట్టిగా నొక్కమన్నారు. నొప్పి రాలేదు. తొడ లోపలి కండరాలు కావన్నమాట. దగ్గమని చెప్పి గజ్జలను తడిమి చూశారు. ఉబ్బు లేదు, నొప్పి లేదు. తన చేయి అడ్డుపెట్టి, దానికి ఎదురుగా తల, భుజాలు పైకి లేపమన్నారు. అదీ బాధించలేదు. చివరకు మోకాలిని పొట్టవైపు మడిచి తొడను లోపలికి తిప్పగానే అబ్బాయి మూలిగాడు. “నీ నొప్పి ఇదేనా?” అని అడిగితే “ఇదేనండీ” అన్నాడు. సజ్దాలో తుంటి మడతపడేది దాదాపు అలాగే. మా గుండె కలుక్కుమంది.

ఎక్స్‌రేలో తొడ ఎముక మెడ వద్ద చిన్న బొడిపె కనిపించింది. తుంటి కీలు గిన్నెలో బంతి వంటిది. బంతి గుండ్రదనం తప్పితే, కాలు లోతుగా మడిచినప్పుడల్లా గిన్నె అంచుకు ఒరుసుకుంటుంది. బాధ గజ్జల్లో తెలుస్తుంది, మూలం కీలులో ఉంటుంది. ఎదిగే వయస్సులో తీవ్రంగా ఆటలాడే అబ్బాయిలలో ఇటువంటి బొడిపె ఎక్కువగా ఏర్పడుతుందని ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఏ బాధా లేనివారిలో సైతం అది కనిపిస్తుంది. అందువలన చిత్రం ఒక్కటే సాక్ష్యం కాదు. రోగి చెప్పే బాధ, చేతి పరీక్ష, చిత్రం, ఈ మూడూ ఏకీభవించాలని 2016లో వార్విక్‌లో సమావేశమైన నిపుణులు నిర్ణయించారు.

గజ్జల నొప్పి వైద్యులను సైతం తికమకపెట్టేదే. ఒకే బాధకు తలా ఒక పేరు పెడుతుండగా, 2014లో ఖతర్ రాజధాని దోహాలో నిపుణులు సమావేశమై ఒక వర్గీకరణ చేశారు: తొడ లోపలి కండరాలకు చెందినది, తుంటిని ముందుకు వంచే కండరానికి చెందినది, పొత్తికడుపు, తొడ కలిసే గజ్జ కాలువకు చెందినది, జఘనాస్థికి చెందినది. వీటికి తోడు తుంటి కీలు, ఇతర కారణాలు. ఒకరిలో ఒకటికి మించి కూడా ఉండవచ్చు. బల్లెం వీరుడు నీరజ్ చోప్రా అంతటివాడు గజ్జల గాయం వల్ల 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు వెళ్ళలేకపోయాడు.

తిరుగు ప్రయాణంలో మాకు మేము చదువుకున్న ఉసూలె ఫిఖ్హ్ పాఠం గుర్తుకు వచ్చింది. అరబీలో ‘ఇల్లత్’ అంటే హేతువు. ఆ పదానికే వ్యాధి అనే అర్థమూ ఉంది. మద్యం నిషిద్ధం కావడానికి హేతువు దాని రంగా, వాసనా, ద్రాక్షరసం కావడమా, మత్తా? సాధ్యమైన కారణాలన్నీ లెక్కపెట్టి, నిలబడనివాటిని ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలినదానిని పట్టుకోవడాన్ని ‘సబ్ర్ వ తఖ్సీమ్’ అంటారు. ఇక్కడి సబ్ర్ ‘సాద్’ అక్షరంతో రాసే సహనం కాదు, ‘సీన్’తో రాసేది. గాయం లోతును శోధించడం దాని అసలు అర్థం. ఆ పాఠాన్ని ఏళ్ళ తరబడి బోధించిన మేము, సీన్‌తో సబ్ర్ అవసరమైన చోట సాద్‌తో సబ్ర్ ఉపదేశించాము. ఆ వైద్యుడు ఆ గ్రంథాలు చదవకపోయినా పాఠాన్ని ఆచరించారు.

సిగ్గు విశ్వాసంలో భాగమే. కాని ధర్మజ్ఞానం కోసం అడగడానికి సిగ్గు అడ్డు రానివ్వలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ప్రశంసించారు. దైవప్రవక్త (సఅసం) వైద్యం చేయించుకోమని బోధించారు. కనుక తల్లిదండ్రులారా, పిల్లవాడు ఆ చోటు పేరు చెప్పడానికి తడబడితే మీరే అడగండి. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. జ్వరం, మూత్రంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఆటల నొప్పి అనుకోవద్దు. ఎదిగే పిల్లవాడు మోకాలి నొప్పితో కుంటుతుంటే తుంటినీ చూపించండి.

ఆ అబ్బాయికి కోత అవసరం పడలేదు. నెలల తరబడి తుంటి, నడుము చుట్టూ కండరాలను బలపరిచే వ్యాయామాలు చేయించారు. అవి చాలకపోతేనే కీలులోకి గొట్టం పంపి చేసే శస్త్రచికిత్సను ఆలోచిద్దామన్నారు. ఈ సంక్రాంతికి కూతకు వెళ్ళలేదు, గిరి పక్కన కూర్చుని పాయింట్లు రాశాడు. అశక్తునికి షరీఅత్ ఇచ్చిన సడలింపును అతనికి వివరించి, నొప్పి ఉన్న రోజుల్లో కుర్చీపై నమాజు చేయమన్నాము. అతనిని క్షమాపణ కూడా అడిగాము. “అయ్యో హజ్రత్, నేను చెప్పలేదు కదండీ” అన్నాడు.

చెప్పకపోవడం అతని సంకోచం. అడగకపోవడం మా తప్పు. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక!